ఎండతో రంగునీటి శుద్ధి

హుస్సేన్‌సాగర్ కట్ట మీద నిలిచి పడమటి వైపు చూస్తే విశాలమైన జలాశయం కనిపిస్తుంది. తూర్పు వైపు చూస్తే పల్లంలో ఇండ్లు, అంగళ్లు, రద్దీ రోడ్లు కనిపిస్తాయి. అదే లోయర్ ట్యాంక్ బండ్. 1562 ప్రాంతంలో, ఇబ్రహీం కుతుబ్‌షా పాలనాకాలంలో, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో నిర్మితమైన ఈ చెరువు నిండినప్పుడు మిగులునీరు కాలువగా సాగి, అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ పరిసరాల మీదుగా ప్రవహించి చివరకు మూసీలో కలుస్తుంది. ఒకప్పుడు ఈ కట్ట దిగువనే దివాన్ బహదూర్ రాంగోపాల్ మిల్లు అనే బట్టల మిల్లు నడిచేది. నగరవాసులు దానిని డి.బి.ఆర్. మిల్లు అని పిలిచేవారు. మిల్లు మూతపడి చాలా కాలమైంది. కాలువ మాత్రం మిగిలి ఉంది.

ఆ కాలువను చూసినవారికి అందులో ప్రధానంగా ఉన్నది మురుగునీరేనని వేరుగా చెప్పనక్కరలేదు. అయితే మురుగును కుళ్లబెట్టి తినివేసే సూక్ష్మజీవులు ప్రకృతిలో ఉన్నాయి. వాటికి తగినంత గాలి, వ్యవధి లభిస్తే చాలావరకు అవే ఆ పని పూర్తిచేస్తాయి. వాటికి సులభంగా లొంగని మలినాలలో అద్దకపు రంగు ఒకటి.

దానికి కారణం రంగు స్వభావంలోనే ఉంది. పూర్వం నేతగాండ్రు నీలిమందు, మంజిష్ఠ, చిరివేరు వంటి వాటితో అద్దకం చేసేవారు. 1856లో విలియం పెర్కిన్ అనే ఆంగ్ల యువకుడు తారు నుండి లభించే పదార్థంతో ఊదారంగును తయారుచేయడంతో కృత్రిమ రంగుల యుగం ఆరంభమయింది. ఉతికినా, ఎండలో ఆరవేసినా, చెమట తగిలినా వెలిసిపోని రంగు కావాలని కొనుగోలుదారు కోరుతాడు. రసాయన శాస్త్రజ్ఞుడు అటువంటి దృఢమైన అణువునే నిర్మించి ఇచ్చాడు. బట్ట మీద ఉన్నంతవరకు గుణమైన ఆ దృఢత్వమే నీటిలో చేరిన తరువాత దోషమవుతున్నది. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము రంగు ఉన్నా కంటికి కనిపిస్తుంది. అది చిక్కబడితే సూర్యకాంతి నీటి లోపలికి చొరదు. కాంతి అందని నీటిమొక్కలు ప్రాణవాయువును విడుదల చేయలేవు. అజో రంగులనే వర్గానికి చెందిన కొన్ని రంగులు, గాలి సోకని బురదలో విరిగి, కేన్సరు కారకాలైన అమీన్లుగా మారే ప్రమాదం కూడా ఉంది. ఆ కారణం చేతనే 1990వ దశకంలో భారత ప్రభుత్వం అటువంటి రంగులు కొన్నింటిని నిషేధించింది.

పటిక, సున్నం కలిపి రంగును అడుగుకు దింపడం, బొగ్గుపొడితో పీల్చివేయడం పాత పద్ధతులు. నీరు తేటపడే మాట నిజమే. కాని రంగు నశించదు, నీటిని విడిచి మడ్డిలోకి చేరుతుంది. మన వాకిలి ఊడ్చి చెత్తను పొరుగువారి వాకిట పోసినట్లే అవుతుంది. రంగు అణువునే ఛిద్రం చేయగల మార్గం కావలసి వచ్చింది.

1967లో టోక్యో విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా ఉన్న అకిరా ఫుజిషిమా, నీటిలో ఉంచిన టైటానియం డయాక్సైడు స్ఫటికం మీద కాంతి పడగానే బుడగలు రావడం గమనించాడు. ఆయన, ఆచార్యుడు కెనిచి హోండా ఆ విషయాన్ని 1972లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. కాంతి సాయంతో నీరే విడిపోతున్నదని లోకానికి తెలిసింది. నీటిలోని విషపదార్థాలను కూడా ఈ విధంగానే విడగొట్టవచ్చునన్న ఆలోచన ఆ దశకంలోనే మొదలయింది.

టైటానియం డయాక్సైడు అరుదైన వస్తువు కాదు. గోడలకు వేసే తెల్లరంగులో ఉండేది అదే. భీమునిపట్నం తీరంలో ఇసుకను నల్లగా కనిపింపజేసే ఖనిజాలలో ఇల్మనైటు ఒకటి. ఈ తెల్లనిపొడికి ముడిసరకు ఆ నల్లని ఖనిజమే కావడం ఒక వింత.

ఈ పొడి రేణువు మీద 388 నానోమీటర్ల కంటే తక్కువ తరంగదైర్ఘ్యం గల అతినీలలోహిత కిరణం పడినప్పుడు, అందులోని ఎలక్ట్రాన్ ఒకటి తన స్థానాన్ని విడిచి పైస్థాయికి ఎగురుతుంది. అది విడిచిన చోట ‘రంధ్రం’ ఏర్పడుతుంది. ఎలక్ట్రాన్ నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను చేరుకుంటుంది. రంధ్రం నీటి అణువు నుండి ఎలక్ట్రాన్‌ను లాగుకొని హైడ్రాక్సిల్ స్వేచ్ఛా ప్రాతిపదికను పుట్టిస్తుంది. దాని ఆయువు క్షణంలో అత్యల్ప భాగమే అయినా, ఆ స్వల్పకాలంలోనే దగ్గరనున్న రంగు అణువుపై దాడిచేసి బంధాలను తెంచివేస్తుంది. ఈ చర్య చివరిదాకా సాగితే మిగిలేవి బొగ్గుపులుసు వాయువు, నీరు, కొన్ని లవణాలు. పొడి మాత్రం ఖర్చు కాదు. అందుకే దానిని కాంతి ఉత్ప్రేరకమంటారు.

కళాశాల ప్రయోగశాలలో మిథిలీన్ బ్లూ ద్రావణంతో దీనిని పరీక్షించవచ్చు. ఒక బీకరులో పొడి కలిపి ఎండలో ఉంచితే కొన్ని గంటలలో నీలిమ తగ్గుతుంది. అయితే అంతటితో పొంగిపోవడం శాస్త్రీయం కాదు. పొడి రంగును పీల్చుకొని ఉండవచ్చు. కనుక పొడి కలిపిన రెండవ బీకరును చీకటిలో ఉంచాలి. ఎండకే రంగు వెలిసి ఉండవచ్చు. కనుక పొడి లేని మూడవ బీకరును ఎండలో ఉంచాలి. ఇంకొక చిక్కు కూడా ఉంది. ఆక్సిజన్ చాలనప్పుడు మిథిలీన్ బ్లూ విరిగిపోకుండానే రంగులేని రూపాన్ని పొందుతుంది, గాలి తగిలితే మళ్లీ నీలమవుతుంది. అందుచేత కంటిని నమ్మక, నీటిలో సేంద్రియ కర్బనం ఎంత మిగిలిందో కొలిచి చూడాలి. ‘రంగు పోయింది’ అన్న మాటకు, ‘విషం పోయింది’ అన్న మాటకు మధ్య ఉన్న దూరాన్ని చాలామంది గుర్తించరు.

లోయర్ ట్యాంక్ బండ్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలో, తార్నాకలో ఉన్న భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో ఈ విషయంపై పరిశోధనలు జరిగాయి. నీటిలో కలిపిన సన్నని పొడిని తిరిగి వేరుచేయడం కష్టం. వడపోతకు ఖర్చవుతుంది, వదలివేస్తే అదే మరొక మలినమవుతుంది. అందువలన అక్కడి శాస్త్రవేత్తలు జియోలైటు వంటి ఆధారాలపై టైటానియం డయాక్సైడును నిలిపి, రంగులను, పురుగుమందులను ఛేదించే ప్రయోగాలు చేశారు. సూర్యకాంతిలో అతినీలలోహిత భాగం నాలుగైదు శాతమే కావడం మరొక అడ్డంకి. 2001లో జపాను పరిశోధకులు ఈ ఆక్సైడులో నత్రజనిని చొప్పించి, కంటికి కనిపించే కాంతితో కూడా పని చేయించవచ్చునని చూపారు.

మరి ఈ పొడిని తెచ్చి చిక్కడపల్లి కాలువలో చల్లితే సరిపోదా? సరిపోదు. మురుగునీటి మసకలో కాంతి కొద్ది అంగుళాలైనా దిగదు. పుట్టిన హైడ్రాక్సిల్ ప్రాతిపదికలను నీటిలోని ఇతర సేంద్రియ పదార్థాలు, బైకార్బొనేట్లు ముందుగానే హరించివేస్తాయి. రంగు వంతు వచ్చేసరికి ఏమీ మిగలదు.

రంగు పుట్టే చోట పరిస్థితి కొంత మేలు. పోచంపల్లిలో నేతగాండ్రు చిట్కి పని కోసం నూలును రబ్బరు ముక్కలతో బిగించి కట్టి, ఒక్కొక్క రంగులో ముంచి తీస్తారు. ఎన్ని రంగులుంటే అన్ని ముంపులు, అన్ని జాడింపులు. తొట్టిలో మిగిలే చిక్కని రంగునీరు ఈ పద్ధతికి లొంగదు. దానిని ముందుగా పటికతోనో సున్నంతోనో పలచన చేయక తప్పదు. చివరి జాడింపులో వచ్చే లేతరంగు నీరు మాత్రం దీనికి అనుకూలం. ఉత్ప్రేరకాన్ని అంటించిన పలకల మీదుగా ఆ నీటిని పలుచని పొరగా పారిస్తూ, మరల మరల పైకి తోడి పోయాలి. దానికి పంపు, విద్యుత్తు, ఆరుబయట స్థలం కావాలి. ఇంటి ముంగిట అద్దకం చేసుకునే కుటుంబానికి ఈ ఖర్చు భారమే. కొన్ని మగ్గాల వారు కలిసి ఒకే ఏర్పాటును వాడుకుంటే ఆ భారం తగ్గుతుంది. ముసురు పట్టిన శ్రావణ మాసంలో పలకలకు ఎండ చాలదు కనుక, ఆ రోజుల రంగునీటిని నిలువ ఉంచడానికి వేరొక తొట్టి కూడా కట్టుకోవలసి ఉంటుంది.