నొప్పిమందులు – గుర్రపు హార్మోనులు

ఉర్దూ చదివిన మన విద్యార్థులకు ‘సలోత్రీ’ అను మాట తెలియనిది కాదు. గుర్రములకు చికిత్స చేయువాడని దాని అర్థము. సంస్కృతమున అశ్వశాస్త్రకర్తగా ప్రసిద్ధుడైన శాలిహోత్రుని పేరే ఉర్దూలో ఇట్లు నిలిచినది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వీధులలో ఒకప్పుడు జట్కా గుర్రముల గిట్టల చప్పుడు వినిపించెడిది. నేడు ఆ బండ్లు అరుదైనను, 2008లో ప్రొద్దుటూరున పశువైద్య కళాశాల ఏర్పడుటచే ఈ శాస్త్రము మన ముంగిటికి వచ్చినది. మేము భాషాధ్యాపకులమే అయినను, అందరికిని పనికివచ్చు ఒక విషయమును ఇచ్చట వివరింపదలచినాము.

కుంటుచున్న గుర్రమునకు వాపు, నొప్పి తగ్గుటకై ఫినైల్‌బ్యూటజోన్ అను మందు నిత్తురు. వాపును కలిగించు ప్రోస్టాగ్లాండిన్లను ఇట్టి మందులు పుట్టనీయవు. ఆస్పిరిన్ ఈ విధముగనే పనిచేయునని 1971లో జాన్ వేన్ నిరూపించి, 1982లో నోబెల్ బహుమతిని పంచుకొనెను. అయితే మందు వాపు వద్దనే ఆగదు. రక్తములోని మాంసకృత్తుల నంటిపెట్టుకొని తిరుగు థైరాక్సిన్ అను హార్మోనును ఫినైల్‌బ్యూటజోన్ ఆ స్థానమునుండి తొలగించునని శాస్త్రజ్ఞులు భావింతురు. అప్పుడు రక్తపరీక్షలో థైరాక్సిన్ తక్కువగా కనిపించును. థైరాయిడ్ గ్రంథి మాత్రము ఆరోగ్యముగనే ఉండవచ్చును. ముందు వాడిన మందు సంగతి అడుగని వైద్యుడు లేని రోగమునకు చికిత్స మొదలిడును.

స్టెరాయిడ్ల తీరు వేరు. డెక్సామెథసోన్ అను స్టెరాయిడ్, శరీరము సహజముగా తయారుచేసుకొను కార్టిసాల్ హార్మోనును పోలినది. అది రక్తములో చేరగానే, కావలసినంత కార్టిసాల్ ఉన్నదని మెదడు క్రిందనున్న పీయూషగ్రంథి భ్రమించి, మూత్రపిండముల దరినున్న అధివృక్క గ్రంథులకు పంపు ఆజ్ఞను తగ్గించును. ఆరోగ్యముగల గుర్రమునకు సాయంకాలము ఈ మందు నిచ్చినచో మరునాటికి కార్టిసాల్ మిక్కిలి పడిపోవును. పీయూషగ్రంథి వ్యాధిగల ముదుసలి గుర్రములో అట్లు పడిపోదు. ఈ భేదమునే వైద్యులు రోగనిర్ణయమునకు వాడుకొనిరి. ఎరుగనివాని చేతిలో పరీక్షను తప్పుదారి పట్టించు మందే, ఎరిగినవాని చేతిలో పరీక్షా సాధనమైనది.

మనుష్యులకును ఇదియే న్యాయము. కీళ్లనొప్పులకు దుకాణములో అడిగి తెచ్చుకొను మాత్రలలో స్టెరాయిడ్ ఉండవచ్చును. దానిని నెలల తరబడి వాడినచో అధివృక్క గ్రంథులు పని మందగించును. హఠాత్తుగా ఆపినచో నీరసము, రక్తపోటు పడిపోవుట, ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయము సంభవించును. వైద్యుని సలహాపై క్రమముగా తగ్గించుకొనుటయే మార్గము.

గుర్రము తాను మింగిన మందు పేరు చెప్పలేదు, యజమానియే చెప్పవలెను. మన ఇండ్లలోని వృద్ధులు వాడు మాత్రల పేర్లు చదివి వైద్యునకు చెప్పగలవారు చదువుకొన్న పిల్లలే. విద్యార్థులారా, ఈ చిన్న పనిని మీరు తప్పక చేయుదురని ఆశించుచున్నాము.