పుస్తకం తెరవబుద్ధి కావడం లేదు

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. డిగ్రీ అయినప్పటి నుంచి గ్రూప్స్‌కి చదువుతున్నాను. తోటివాళ్లంతా స్థిరపడ్డారు. ఇప్పుడు ఎందుకు బతుకుతున్నానో కూడా అర్థం కావడం లేదు.
– ఒక పాఠకుడు, కోదాడ

జవాబు: ముందు ఒక లెక్క సరిచూసుకోండి. 2022 అక్టోబరు తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెడితే హైకోర్టు రద్దు చేసింది. ఆ ఏళ్లను మీ వైఫల్యం ఖాతాలో రాసుకోకండి.

జీవిత లక్ష్యం గదిలో కూర్చుని ఆలోచిస్తే దొరకదు. ఉత్సాహం వచ్చాక పని మొదలుపెడదామనుకుంటాం. కానీ దిగులుగా ఉన్నప్పుడు పని మొదలుపెడితేనే ఉత్సాహం మెల్లగా వస్తుంది. కుంగుబాటు చికిత్సలో ‘బిహేవియరల్ యాక్టివేషన్’ పద్ధతికి ఆధారం ఇదే. సాయంత్రం గంటసేపు పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పండి. లేదా మిర్యాలగూడ రైస్ మిల్లులో లెక్కలు రాసే పనో, సూర్యాపేటలో ఏ షాపులోనో బిల్లింగో మూడు నెలలు చేసి చూడండి. చుట్టాలు ఏమంటారోనన్న బెంగ చాలామందిని ఇంట్లో కట్టిపడేస్తోంది. గ్రూప్స్ ఇంకెన్నిసార్లు రాస్తారో ఇప్పుడే తేల్చుకోండి.

నిద్ర, ఆకలి రెండు వారాలుగా దెబ్బతింటే సైకియాట్రిస్టును కలవండి. చనిపోవాలనిపిస్తే మాత్రం ఆ క్షణమే ఇంట్లో చెప్పండి, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.