పాత బోల్టులే మళ్లీ బిగించవచ్చా?

ప్రశ్న: మా డీజిల్ కారు ఇంజన్ బోరుకొచ్చింది. హెడ్ బోల్టులు బాగానే ఉన్నాయి, అవే వేసేద్దామంటున్నాడు మెకానిక్. వేయించమంటారా?

జవాబు: ముందు సర్వీస్ మాన్యువల్ తీయించండి. ఇన్ని న్యూటన్ మీటర్లు బిగించి, ఆపైన 90 డిగ్రీలు తిప్పమని రాసి ఉంటే, అవి చాలామటుకు సాగే రకం బోల్టులు. బిగించేటప్పుడే వాటిని కావాలని సాగదీస్తారు. ఆ సాగుదలే హెడ్‌ను గాస్కెట్ మీద సమంగా అదిమి ఉంచుతుంది. విప్పాక బోల్టు పూర్తిగా పాత పొడవుకు రాదు. రెండోసారి బిగిస్తే మెకానిక్ చేతికి తేడా తెలియకపోవచ్చు గానీ, పట్టు తగ్గొచ్చు, బోల్టే తెగొచ్చు. కొన్ని కంపెనీలు గరిష్ఠ పొడవు చెప్పి, అది దాటకపోతే మళ్లీ వాడనిస్తాయి. అప్పుడు కాలిపర్‌తో కొలవాల్సిందే, కంటిచూపు చాలదు.

కనెక్టింగ్ రాడ్ బోల్టుల దగ్గర మాత్రం నేను బేరాలాడను. అది తెగితే రాడ్ బ్లాకును పగలగొట్టుకుని బయటికొస్తుంది! సంపు, ట్యాపెట్ కవర్ బోల్టులా? మరలు బాగుంటే కడిగి వాడుకోండి.

కొత్తవి కొనేటప్పుడు తలమీద అంకె చూడండి. 10.9 ఉన్నచోట 8.8 పెట్టకూడదు. బ్లాకు రంధ్రాల్లోని నూనె, నీళ్లు గాలితో ఊదించాకే బిగించనివ్వండి. అడుగున నూనె చిక్కుకుంటే బ్లాకు పగిలే ప్రమాదముంది.

మీవి ఏ రకమో తేలకపోతే కొత్త సెట్టే వేయించండి.