డ్రాగన్ల ఆట ఆడాలనుంది... పుస్తకాలే ప్రియం!

ప్రశ్న: డల్లాస్‌లో ఎమ్మెస్ చదువుతున్నాను. రూమ్మేట్లతో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆట మొదలుపెడదామంటే దాని నియమాల పుస్తకాల ధరలు చూసి గుండె గుభేలుమంటోంది. ఏం చేయాలి?

జవాబు: మీ బెంగ సబబే. గట్టి అట్ట, మంచి కాగితం, నిండా రంగుల బొమ్మలు, రవాణా... అన్నీ ధరలోనే పడతాయి. 2023లో కొన్ని కొత్త పుస్తకాల ధర 49.95 డాలర్ల నుంచి 59.95కు చేరింది. అయినా ఆట ఆపక్కర్లేదు. మూల నియమాలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉచితంగా దొరుకుతాయి. ముందు వాటితోనే నాలుగు వారాలు ఆడండి. తర్వాత అందరికీ కలిపి ఒక్క ‘ప్లేయర్స్ హ్యాండ్‌బుక్’ చాలు, తలా కొంత వేసుకోండి. ఆటకు కావాల్సిన సాహస కథలు కొనకుండా మీరే అల్లుకోండి, నన్నడిగితే అసలు ఆనందం అక్కడే ఉంది. హ్యాండ్‌బుక్ 2014 నాటి పాత ప్రతులు చౌకగా దొరకొచ్చు. ఏది కొనాలో తేలకపోతే, డబ్బు కట్టకముందే దగ్గర్లోని గేమ్ షాపుకెళ్లి అడగండి.