పై వాన, లోపలి వాన – సముద్రం మీద కోటుకు ఏ గుడ్డ మంచిది?

సముద్రం గురించి రాయడానికి నాకు అర్హత తక్కువ. మాది వ్యవసాయ కుటుంబం. చెరువు కింద రెండెకరాల వరి, మిగతాది మెట్ట. సముద్రాన్ని మొదటిసారి చూసింది ఈ కాలేజీలో చేరిన తర్వాతే. అయితే వానలో తడుస్తూ పనిచేయడం ఎలా ఉంటుందో రైతుబిడ్డకు ఒకరు చెప్పనక్కరలేదు. యూరియా సంచిని ఒక మూల లోపలికి మడిచి నెత్తిన వేసుకుంటే అదే మాకు రెయిన్ కోటు. మా తాతగారి కాలంలో తాటాకు గొడుగు ఉండేదట.

ఈ వ్యాసం రాయడానికి కారణం నా రూమ్మేటు. వాడిది మత్స్యకార కుటుంబం. వాళ్ళన్న మరబోటు మీద కళాసీ. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం కదా! కిందటి సంవత్సరం ఆ రోజుల్లోనే వాడు నన్ను పట్టుకున్నాడు.

"ఒరేయ్, నువ్వు కెమిస్ట్రీ కదా! మా అన్న కోటు కోసం మూడు వేలు దాచాడు. ఏ గుడ్డదైతే మంచిదో సెప్పరా. పోయినేడు కొన్నది నెల తిరక్కుండా కారిపోయింది. జొరమొచ్చి నాలుగు వేటలు పోనాయి."

వాటా మీద బతికే మనిషికి వేట పోతే వాటా పోతుంది. మూడు వేలు పెట్టి తప్పు కోటు కొంటే ఆ ఏడాదికి మళ్ళీ కొనుక్కోలేడు. పరీక్షలో తప్పు రాస్తే మార్కులే పోతాయి. ఇక్కడ అలా కాదు. అందుచేత పుస్తకాలు తిరగేసి, హార్బరుకు పోయి నలుగురిని అడిగి, నాకు అర్థమైనంతవరకు ఇక్కడ రాస్తున్నాను.

రెండు వానలు

మొదట మా నాన్న చెప్పిన మాట ఒకటి చెప్పాలి. రెండేళ్ళ క్రితం నా స్కాలర్‌షిప్ డబ్బుతో ఆయనకు ఒక ప్లాస్టిక్ కోటు కొన్నాను. ఊడ్పుల రోజుల్లో పొద్దంతా అది తొడుక్కుని, సాయంత్రం ఇంటికొచ్చి విప్పితే చొక్కా పిండేలా ఉంది. "కోటు చిరిగిందా నాన్నా?" అన్నాను. "లేదురా. పై వానకి తడవలేదు, లోపలి వానకి తడిసిపోయాను" అన్నారు.

మొత్తం సమస్య ఆ ఒక్క మాటలో ఉంది. కష్టపడి పనిచేసే మనిషికి ఎండాకాలంలో గంటకు లీటరు దాకా చెమట పట్టవచ్చు. ఒక గ్రాము చెమట ఆవిరైతే సుమారు 580 కేలరీల వేడిని ఒంటి నుంచి తీసుకుపోతుంది. కోటు ఆ ఆవిరిని బయటికి పోనివ్వకపోతే ఒళ్ళు కాగుతుంది, బట్టలు తడుస్తాయి. ఆ తర్వాత పని ఆగి, రాత్రి గాలి తగిలితే అవే తడిబట్టలు ఒంట్లో వేడిని లాగేస్తాయి. నీరు గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా వేడిని మోసుకుపోతుంది. కనుక బంగాళాఖాతంలోనూ మనిషి వణికిపోతాడు. కావున మంచి కోటు అంటే బయటి నీటిని ఆపడమే కాదు, లోపలి నీటికి దారి చూపాలి. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురుపడే పనులు.

గుడ్డ ఎందుకు తడుస్తుంది?

నూలు గుడ్డ సెల్యులోజుతో అయింది. దానిలోని హైడ్రాక్సిల్ సమూహాలు నీటి అణువులను హైడ్రోజన్ బంధాలతో దగ్గరకు తీసుకుంటాయి. పైగా పోగుల మధ్య సందులు సన్నని గొట్టాల్లా నీటిని పీలుస్తాయి. చేమాకు మీద నీటిబొట్టు ఎందుకు దొర్లిపోతుంది? ఆకు మీది మైనపు పొర, అతిచిన్న గరుకుదనం కలిసి నీటిని అంటనివ్వవు.

దీన్నిబట్టి గుడ్డను కాపాడటానికి రెండు మార్గాలున్నాయి. పోగుల పైన నీరు అంటకుండా పూత పూయడం ఒకటి. సందులనే మూసివేయడం రెండోది. మొదటిది నీరు అంటని గుడ్డ, రెండోది నీరు చొరని గుడ్డ. దుకాణంలో రెండింటినీ వాటర్‌ప్రూఫ్ అనే అంటారు. మొదటిరకం చినుకులకు సరిపోతుందేగాని అలకు నిలవదు. కొనేవాళ్ళు మోసపోయేది మొదట ఇక్కడే.

నిన్నటి కోట్లు

వెనుకటి ఐరోపా నావికులు గుడ్డకు అవిసెనూనె పట్టించి ఎండబెట్టేవారు. అవిసెనూనె ఆరిపోయే నూనె. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి దాని అణువులు ఒకదానికొకటి ముడిపడి గట్టిపొర కడతాయి. నార్వేలో హెల్లీ యూయెల్ హాన్సెన్ అనే ఓడ కెప్టెన్ 1877లో ఇలాంటి నూనెకోట్ల తయారీ మొదలుపెట్టాడు. అంతకుముందే 1823లో స్కాట్లండుకు చెందిన చార్లెస్ మాకింతోష్ రబ్బరును నాఫ్తాలో కరిగించి రెండు గుడ్డల మధ్య పూసి పేటెంటు పొందాడు. ఆ కోటు చలికి బిరుసెక్కేది, ఎండకు జిగురయ్యేది. రబ్బరును గంధకంతో వేడిచేసే వల్కనైజేషన్ వచ్చాక, అంటే 1840ల తరవాత, ఆ బాధ తగ్గింది. లోపలి వాన సంగతి మాత్రం అలాగే ఉండిపోయింది.

నేటి మూడు రకాలు

మొదటిది పి.వి.సి. పూసిన గుడ్డ. పాలియెస్టర్ లేదా నూలు గుడ్డ మీద మందంగా పి.వి.సి. పూస్తారు. బరువు ఎక్కువ, ఆవిరి బొత్తిగా పోదు. కాని నీటికి గోడలాంటిది, చేప రక్తం, పొలుసు కడిగితే పోతాయి, ధర తక్కువ. అతుకులను కుట్టకుండా వేడితో అంటించవచ్చు. ఎండలో ఏళ్ళతరబడి ఆరవేస్తే మెత్తదనం ఇచ్చే పదార్థం పోయి మడతల దగ్గర పగులుతుంది.

రెండోది పాలీయురెథేన్ పూత. తేలిక, మెత్తన. కొన్ని రకాలు కొంత ఆవిరిని పోనిస్తాయి. అయితే ఒక చిక్కుంది. పాలియెస్టర్ జాతి యురెథేన్‌లోని ఎస్టర్ బంధాలను తేమ, వేడి కలిసి నెమ్మదిగా తెంచుతాయి. దాన్నే జలవిశ్లేషణ అని మనం ల్యాబులో చేస్తాం. పెట్టెలో తడిగా మడిచిపెట్టిన పాత కోటు లోపల జిగురుగా మారి పొట్టులా రాలడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఈథర్ జాతి యురెథేన్ ఈ విషయంలో గట్టిది. ఉక్కపోత తీరంలో ఉండే మనకు ఈ తేడా ముఖ్యం.

మూడోది పొర అంటించిన గుడ్డ. 1969లో అమెరికాలో బాబ్ గోర్ టెఫ్లాన్‌ను ఒక్కసారిగా లాగి చూస్తే అది తెగకుండా సాగి, అతిసూక్ష్మ రంధ్రాలున్న పొర అయింది. అదే గోర్‌టెక్స్. నీటిబొట్టు ఆ రంధ్రాల్లో దూరలేదు, ఆవిరి అణువు దూరగలదు. పైన నైలాన్, మధ్యలో పొర, లోపల సన్నని అల్లిక కలిపి ఒకే గుడ్డగా చేస్తే దాన్ని మూడు పొరల గుడ్డ అంటారు. చలి సముద్రాల నావికులకు ఇది వరం. ధర మాత్రం పి.వి.సి. కోటుకు అనేక రెట్లు.

అడుగుగుడ్డ సంగతీ చూడాలి. మామూలు గాలి తేమలో నైలాన్ తన బరువులో సుమారు 4 శాతం నీటిని పట్టుకుంటుంది, పాలియెస్టర్ అర శాతం లోపే. రాపిడికి నైలాన్ గట్టిది. త్వరగా ఆరడంలో, ఎండకు ఓర్చుకోవడంలో పాలియెస్టర్ మేలు.

చీటీ మీది అంకెలు

కోటు చీటీ మీద 1,500 మి.మీ., 5,000 మి.మీ., 10,000 మి.మీ. అని వేస్తారు. అంటే గుడ్డ మీద అంత ఎత్తు నీటిస్తంభం నిలబెట్టినా కారదని అర్థం. 10,000 మి.మీ. అంటే పది మీటర్ల నీరు. చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి. వాన అంత ఒత్తిడితో పడదు కదా, ఎందుకు ఇంత అని నేనూ అనుకున్నాను. ఒక లెక్క వేసి చూడండి. 60 కిలోల మనిషి తడి బల్ల మీద మోకాళ్ళూని వల లాగుతున్నాడు. ఒక్కో మోకాలి మీద 30 కిలోలు. తగిలే చోటు 30 చదరపు సెంటీమీటర్లు. సరిగ్గా చదరపు సెంటీమీటరుకు ఒక కిలో! నిలబడితే కారని 1,500 మి.మీ. గుడ్డ మోకాలి దగ్గర, కూర్చునే చోట కారేది ఇందుకే. బోటు మీద పనికి 10,000కు తక్కువది వద్దు.

బంగాళాఖాతంలో గాలాడే గుడ్డ

ఇక అసలు ప్రశ్న. డబ్బుంటే మూడు పొరల గుడ్డే కొనాలా? ఆవిరి ఊరికే బయటికి పోదు. లోపల ఎక్కువ, బయట తక్కువ పీడనం ఉంటేనే పోతుంది. ఒంటి దగ్గర 35 డిగ్రీల వద్ద పూర్తి తేమలో ఆవిరి పీడనం పాదరసం లెక్కన 42 మి.మీ. ఉత్తర సముద్రంలో 10 డిగ్రీల చలి, 85 శాతం తేమ అనుకుంటే బయట 8 మి.మీ. మాత్రమే, తేడా 34. మన తీరంలో 30 డిగ్రీలు, అదే 85 శాతం తేమ అయితే బయట 27 మి.మీ.; తేడా 15. అంటే అదే ఖరీదైన గుడ్డ ఇక్కడ సగం కూడా పనిచేయదన్నమాట! అలలకు పైగుడ్డ తడిసి నీటిపొర పట్టిందంటే ఇంకా తగ్గుతుంది. ఉప్పు, చేపనూనె రంధ్రాల్లో చేరితే సరేసరి. కనుక మర్చంట్ నేవీలో చలి దేశాలకు పోయే మన పూర్వ విద్యార్థులకు మంచిదైన కోటు, మన హార్బరు కళాసీకి మంచిది కానక్కరలేదు.

కుట్టు, రంగు, కడగడం

ఎంత మంచి గుడ్డయినా సూది దిగిన ప్రతిచోటా ఒక రంధ్రమే. లోపలివైపు తిప్పి చూసి, కుట్టు మీద టేపు అంటించి ఉందా, లేక అతుకు వేడితో కరిగించి ఉందా అని చూసుకోవాలి. రూమ్మేటు అన్న పాత కోటు నేను చూశాను. గుడ్డ బాగానే ఉంది. కారింది భుజం కుట్టు దగ్గర.

రంగు నారింజ గాని పచ్చటి పసుపు గాని అయి ఉండాలి. మనిషి నీళ్ళలో పడితే నీలం, తెలుపు నురుగులో కలిసిపోతాయి. ఏ కోటూ మనిషిని తేల్చదన్న సంగతి మరవకూడదు. లైఫ్ జాకెట్ వేరే ఉండాల్సిందే.

వేట నుంచి రాగానే మంచినీళ్ళతో కడిగి నీడన ఆరవేయాలి. ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది కనుక ఉప్పు పట్టిన కోటు పూర్తిగా ఆరదు. నీరు అంటని పూతల్లో ఒకప్పుడు విరివిగా వాడిన ఫ్లోరిన్ రసాయనాల్లో పి.ఎఫ్.ఓ.ఎస్. 2009లో, పి.ఎఫ్.ఓ.ఏ. 2019లో స్టాక్‌హోం ఒప్పందం జాబితాకు ఎక్కాయి. ఇవి మట్టిలో, నీటిలో విరగవు. కొత్తది కొనేటప్పుడు ఫ్లోరిన్ లేని పూత దొరికితే అదే తీసుకోవడం మంచిది.

చివరికి ఏం చెప్పాను?

రూమ్మేటుకు నేను చెప్పింది ఇది. పాలియెస్టర్ మీద పి.వి.సి. పూసిన నారింజ రంగు కోటు, గుండెల దాకా వచ్చే పట్టీల పాంటు తీసుకో. అతుకులు వేడితో అంటించినవి అయి ఉండాలి. ఒక సైజు పెద్దది తీసుకో. మెడ, చంకలు, అంచుల దగ్గర గాలి ఆడాలి. గుడ్డ చేయని పని గాలి చేస్తుంది. లోపల నూలు బనీను వద్దు, పలచటి పాలియెస్టర్ చొక్కా వేసుకోమను. మిగిలిన డబ్బుతో ఇంకో చొక్కా కొని, ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి బోటులో పెట్టుకోమను. పని ఆగగానే మార్చుకుంటే జ్వరం ఎందుకొస్తుంది?

జూన్ 15న బోట్లు కదిలాయి. మూడు వేటలయ్యాక అన్నగారిని హార్బరులో కలిశాను. "పైన సుక్క దిగలేదు తమ్ముడూ. లోన సెమట పట్టింది గానీ, పొడి సొక్కా ఉంది కదా" అన్నారు. ఆ మాట నాకు ఫస్టు క్లాసు కంటే ఎక్కువ.

సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు ఇదంతా నాన్నకు చెప్పాను. ఆయన అంతా విని, "తాటాకు గొడుగుకి పైన కప్పూ, కింద గాలీ ఉండేవిరా. మీ తాత ఏ లెక్కా వేయలేదు" అన్నారు. నిజమే. ఈసారి ఊడ్పులకు ఆయనకు కోటు కాదు, పక్కలు తెరిచి ఉండే పొంచో కొందామనుకుంటున్నాను.