త్రైమాసిక ఫలితములను చదువు విధము - పై తరగతుల విద్యార్థులకొక పాఠము

బళ్ళారి నుండి హొసపేటకు పోవు మార్గమున కుడతిని వద్ద నిలిచియున్న ఎత్తైన పొగగొట్టములను చూడనివారు మన పాఠశాలలో లేరు. అది కర్ణాటక విద్యుత్ సంస్థవారి ఉష్ణవిద్యుత్కేంద్రము. 500 మెగావాట్ల యంత్రములు రెండు, 700 మెగావాట్ల యంత్రమొకటి, వెరసి 1700 మెగావాట్ల శక్తి కలది. ఆ యంత్రములను సమకూర్చినది భారత్ హెవీ ఎలక్ట్రికల్స్, అనగా అందరును భెల్ అని పిలుచు కేంద్రప్రభుత్వ సంస్థ. ఇది 1964లో ఏర్పడినది. హైదరాబాదు చెంత రామచంద్రాపురమున గల దీని కర్మాగారము తెలుగువారికి చిరపరిచితము.

ఒకనాడు పదవ తరగతి విద్యార్థి యొకడు వార్తాపత్రికను చేతబట్టుకొని మా గదికి వచ్చెను. వాని యన్న అట్టి కర్మాగారమొకదానిలో పని నేర్చుకొనుచున్నాడు. "అయ్యా, 2024 ఏప్రిల్ మొదలు జూన్ వరకు భెల్ సంస్థకు 211 కోట్ల నష్టమట. ఇక మా యన్నవంటివారికి పని దొరకునా?" అని యడిగెను. వాని ముఖమున దిగులు స్పష్టముగ కనబడెను. ఆ దిగులు తీర్పవలెనన్న ఓదార్పు చాలదు, లెక్క తెలియవలెను. ఆనాడు వానికి చెప్పినదానినే ఇప్పుడు అందరికొరకు వ్రాయుచున్నాము.

మొదట కాలవిభజనను గ్రహింపుడు. మన దేశమున ఆర్థిక సంవత్సరము ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగియును. దానిని మూడేసి నెలల నాలుగు భాగములు చేసినచో ఒక్కొక్కటి త్రైమాసికము. వాటాలు బజారులో అమ్ముడుపోవు ప్రతి సంస్థయు త్రైమాసికము ముగిసిన 45 దినములలో ఫలితములను ప్రకటింపవలెనని సెబి యను నియంత్రణ మండలి నియమము. సంవత్సరాంతపు లెక్కలకు 60 దినముల గడువు కలదు. సంవత్సరపు లెక్కలను తనిఖీదారులు పూర్తిగా పరీక్షింతురు. నడుమ త్రైమాసికములకు జరుగునది సాధారణముగ పరిమిత పరిశీలన మాత్రమే.

ఇప్పుడు 2024-25వ సంవత్సరములో భెల్ సంస్థయు దాని అనుబంధ సంస్థలును కలిసిన లెక్కను చూడుడు. మొదటి త్రైమాసికమున సుమారు 211 కోట్ల నష్టము. రెండవదానిలో 106 కోట్లు, మూడవదానిలో 135 కోట్లు, నాల్గవదానిలో 504 కోట్లు లాభము. కూడి తీసివేయగా సంవత్సరమునకు 534 కోట్ల లాభము. జూన్ ముగింపు మాత్రమే చూచినవాడు భయపడును, మార్చి ముగింపు మాత్రమే చూచినవాడు పొంగిపోవును. ఇద్దరును తొందరపడినవారే.

ఇట్లేల జరుగును? జీతములు, యంత్రముల తరుగుదల మొదలగు ఖర్చులు పని హెచ్చినను తగ్గినను ఇంచుమించు ఒకే తీరున వచ్చుచుండును. పని విలువ మాత్రము సంవత్సరాంతమున పెరుగును. ఆ సంవత్సరము మొదటి త్రైమాసికపు రాబడి సుమారు 5,485 కోట్లు, చివరిదానిది సుమారు 8,993 కోట్లు. తుంగభద్ర కాలువ క్రింద వరి నాటిన రైతును తలంచుకొనుడు. శ్రావణమున వాని లెక్క చూచినచో విత్తనము, ఎరువు, కూలి తప్ప వేరొకటి కానరాదు. మార్గశిరమున ధాన్యము ఇంటికి వచ్చినపుడు గదా వాని యేడు తెలియుట!

అయితే ఇంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. రైతు ధాన్యము అమ్మి రొక్కము తెచ్చుకొనును. బాయిలరును, టర్బైనును చేయుటకు ఏండ్లు పట్టును. అట్టి పనికి రాబడిని ఏనాడు వ్రాయవలెను? దీనికి సమాధానము చెప్పునవే లెక్కల విధానములు. మన దేశమున 2018 ఏప్రిల్ 1 నుండి భారతీయ లెక్కల ప్రమాణము 115 ఈ విషయమున అమలులో నున్నది. దీర్ఘకాలపు ఒప్పందములలో పని ఎంత సాగినదో అంత రాబడిని అప్పుడే వ్రాయుట దాని ప్రకారము నడచు పద్ధతి. పని ఎంత సాగినదని కొలుచుటకు సాధారణముగ ఇంతవరకైన ఖర్చును మొత్తము ఖర్చు అంచనాతో పోల్చుదురు.

ఒక ఉదాహరణము. ఒప్పందపు ధర 100 కోట్లు, ఖర్చు అంచనా 80 కోట్లు. మొదటి త్రైమాసికమున 20 కోట్లు ఖర్చైనది. నాలుగవ వంతు పని జరిగినట్లు. రాబడి 25 కోట్లు, లాభము 5 కోట్లు. తరువాతి త్రైమాసికమున ఇనుము ధర పెరిగి అంచనా 100 కోట్లైనదనుకొనుడు. అప్పటికి మొత్తము ఖర్చు 50 కోట్లు. సగము పని జరిగినట్లు గనుక మొత్తము రాబడి 50 కోట్లు, లాభము సున్న. మునుపు చూపిన 5 కోట్ల లాభము ఈ త్రైమాసికమున 5 కోట్ల నష్టముగ కనబడును. అంచనా 110 కోట్లైనచో, రాబోవు 10 కోట్ల నష్టమును పని ముగియువరకు ఆగక వెంటనే వ్రాయవలెను. కావున ఫలితమున కొంత భాగము అంచనాపై ఆధారపడినదని మరువరాదు.

రాబడి వ్రాసినంత మాత్రమున రొక్కము పెట్టెలోనికి రాదు. పని జరిగియు బిల్లు వ్రాయుటకు వేళ కానిది కొంత, బిల్లు పంపియు వసూలు కానిది కొంత, యంత్రము సరిగ నడచునని తేలువరకు కొనుగోలుదారు ఆపియుంచునది కొంత. ఇవి గాక, హామీ కాలమున చేయవలసిన మరమ్మతులకును, వసూలు కావని తోచిన బాకీలకును ముందుగనే లాభములోనుండి కేటాయింపు చేయవలెను.

ఈ భేదమును మేము పుస్తకమున గాక అనుభవమున నేర్చితిమి. కొన్నియేండ్ల క్రిందట ఒక గది కట్టుటకై దాతలు వాగ్దానము చేసిన సొమ్మునంతయు ఆదాయముగ వ్రాసి సభలో చదివితిమి. అందరును చప్పట్లు కొట్టిరి. మరునెల వడ్రంగి తన కూలికై వచ్చి నిలిచినపుడు పెట్టెలో రొక్కము లేదు. ఆ శ్రమజీవిని రెండు మాసములు త్రిప్పితిమి. తప్పు మాది. నాటి నుండి వాగ్దానము, వసూలు అను రెండు వరుసలు వేరుగ వ్రాయుచున్నాము.

కావున ఫలితములు చేతికి వచ్చినపుడు ముందుగ లెక్కల విధానములను, వివరణలను చదువుడు. పిదప గత సంవత్సరపు ఇదే త్రైమాసికముతో పోల్చుడు. నాలుగు త్రైమాసికములను కూడి చూడుడు. తుదకు రొక్కము ఎంత వచ్చినదో వెదకుడు. భెల్ సంస్థకు నిజముగనే నష్టపు సంవత్సరములు వచ్చినవి. 2019-20, 2020-21 అట్టివి. ఒక త్రైమాసికపు నష్టమును దాచరాదు, దానినే సంవత్సరపు తీర్పుగ ఎంచనురాదు.

సంస్థల నివేదికలు మన పిల్లల మాతృభాషలో దొరకుట అరుదు. అందుచేత ఈ విషయము మనది కాదని విడిచినచో, మన యింటి పొదుపును గూర్చియు ఉద్యోగమును గూర్చియు ఇతరులు చెప్పినదే నమ్మవలసివచ్చును. రాబడి, రొక్కము, బాకీ, కేటాయింపు, తరుగుదల: ఈ యైదు మాటలు తెలిసినవాడు ఏ భాషలోని లెక్కనైనను అడిగి తెలిసికొనగలడు.

అభ్యాసము: ఒప్పందపు ధర 200 కోట్లు, ఖర్చు అంచనా 160 కోట్లు, మొదటి త్రైమాసికపు ఖర్చు 40 కోట్లు. రాబడి యెంత? లాభమెంత? రెండవ త్రైమాసికమున అంచనా 210 కోట్లైనచో ఆ త్రైమాసికమున ఎంత నష్టము కనబడును? పదియని తొందరపడి వ్రాయకుడు. మొదట చూపిన లాభమును మరల తలంచుకొనుడు.