మూసిన ఔట్‌లుక్ గంట కొట్టదు

మన కాలేజీలో టైమ్‌టేబుల్ నోటీసు బోర్డు మీద అంటించి ఉంటుంది. కాని గంట కొట్టేది టైమ్‌టేబుల్ కాదు, అటెండరు. ఆయన ఇంటికి వెళ్ళిపోతే, కాగితం మీద పదకొండు గంటలని ఎంత స్పష్టంగా రాసి ఉన్నా గంట మోగదు. కంప్యూటర్లో మనం రాసుకునే కేలండరు సంగతీ ఇంతే. ఈ చిన్న విషయం తెలియక పరీక్ష ఫీజు ఆఖరు తేదీని, స్కాలర్‌షిప్పు గడువుని జారవిడుచుకునే విద్యార్థులుంటారు. వారి కోసమే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

కేలండరు వివరాలు రాసే పద్ధతికి 1998లో ఐకేలండర్ అనే ప్రమాణం వెలువడింది. 2009లో దానిని సవరించి ఆర్.ఎఫ్.సి. 5545గా ప్రకటించారు. కార్యక్రమం ఎప్పుడు మొదలు, ఎప్పుడు ముగింపు అన్న వాటితోపాటు, 15 నిమిషాల ముందు హెచ్చరించాలన్న సూచనను కూడా అందులో రాయవచ్చు. అయితే అది వట్టి రాత మాత్రమే. గడియారం చూస్తూ, వేళకి ఆ రాతను చదివి, తెర మీద చూపించవలసింది ప్రోగ్రాము. పాత తరహా ఔట్‌లుక్ గాని, థండర్‌బర్డ్ గాని మూసేశామంటే ఆ పని చేసే నాథుడుండడు. మళ్ళీ తెరిచినప్పుడు, గడువు దాటి రెండు రోజులయిందని చూపిస్తుంది. అప్పుడు చూసి ఏం లాభం?

దీనికి ఉపాయాలు మూడున్నాయి.

మొదటిది, అటెండరుని ఇంటికి పంపకపోవడం. విండోస్‌లో స్టార్టప్ అనే ఫోల్డరు ఉంది. ఔట్‌లుక్ షార్ట్‌కట్‌ను అందులో పెడితే, మనం లాగిన్ కాగానే అదీ తెరుచుకుంటుంది. పని అయ్యాక దానిని మూసివేయకుండా మినిమైజ్ చేసి ఉంచాలి.

రెండవది, జేబులో మరో అటెండరుని పెట్టుకోవడం. కేలండరును గూగుల్ ఖాతాలోనో, మైక్రోసాఫ్ట్ ఖాతాలోనో ఉంచి, అదే ఖాతాను ఫోన్లో కలిపితే, కంప్యూటరు ఆపివేసినా ఫోను మోగుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. మెయిల్ ఫోనుకి వస్తోంది గదా, కేలండరూ వస్తుందిలే అనుకోరాదు. పాప్, ఐమ్యాప్ పద్ధతులు ఉత్తరాలనే మోస్తాయి, కేలండరును మోయవు. అలాంటి ఖాతాతో రాసుకున్న తేదీలు సాధారణంగా ఆ ఒక్క కంప్యూటర్లోనే పడి ఉంటాయి.

మూడవది, భవనం వాచ్‌మన్‌కి పని అప్పగించడం. విండోస్‌లోని టాస్క్ షెడ్యూలర్‌కి మెయిల్ ప్రోగ్రాముతో నిమిత్తం లేదు. ఫలానా వేళకి ఫలానా నోట్‌ప్యాడ్ కాగితం తెరవమని దానికి పురమాయించవచ్చు. యూనిక్స్‌లో క్రాన్ అనేది 1970ల నుంచీ ఇలాంటి పనే చేస్తోంది. అయితే కంప్యూటరే ఆపివేసి ఉంటే వాచ్‌మన్ కూడా లేనట్టే.

మీరు ఏది ఎంచుకున్నా ఒకసారి పరీక్షించి చూడండి. అయిదు నిమిషాల తరవాతకి ఒక కార్యక్రమం రాసి, హెచ్చరిక సరిగ్గా ఆ వేళకే పెట్టండి. ఫోనుకి చేరిందని చూసుకుని, మెయిల్ ప్రోగ్రాము మూసేసి, గడియారం చూస్తూ కూర్చోండి. మోగితే సరే. మోగకపోతే, ఫీజు తేదీ దాటకముందే తెలిసినందుకు సంతోషించి, లోపం ఎక్కడుందో వెతకండి.